పాత సామాను, కొత్త కొలువు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం అటక మీది నుంచి దించిన సామాను గురించి, సంతలలో కొన్న పాత వస్తువుల గురించి ఉన్నాయి. వాటిని ఏ విధంగా మార్చుకోవచ్చునని దాదాపు అందరూ అడిగారు. ఆ వస్తువు ఏ పని కోసం తయారైందో, కొద్దిపాటి మరమ్మతుతో ఆ పనిని ఇప్పటికీ చేయగలదో లేదో ముందుగా చూడండి అన్నది నా మనవి. చేయగలిగితే దానిని ఆ పనిలోనే తిరిగి పెట్టడం అన్నిటికంటే మేలు. కింది జవాబులన్నీ ఆ దృష్టితో రాసినవే.

ప్రశ్న: మా అత్తగారింటి అటక మీది నుంచి రెండు ఇత్తడి గుండిగలు, ఒక కాగు, ఒక కంచు గిన్నె దించాము. లోపల నల్లగా, అక్కడక్కడ పచ్చగా ఉన్నాయి. వీటిలో వంట చేసుకోవచ్చునా? ఊళ్ళో ఒక దుకాణంవారు మిషన్ పాలిష్ పెట్టి, మళ్ళీ నల్లబడకుండా పైన లాకర్ అనే వార్నిష్ వంటి పూత వేస్తామంటున్నారు. వేయించమంటారా? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: అమ్మా, వంట చేసుకోవచ్చును, అయితే ఇత్తడి పాత్రలకు లోపల కళాయి, అంటే తగరం పూత, వేయించిన తరువాతనే. ఇత్తడి అంటే రాగి, తుత్తునాగం (జింకు) కలిసిన లోహం. చింతపండు పులుసు, మజ్జిగ, టమాటా వంటి పులుపు పదార్థాలు దానికి నేరుగా తగిలితే రాగి వాటిలోకి దిగుతుంది. కడుపులో వికారం, వాంతులు అందువల్లనే వస్తాయి. మీకు కనిపిస్తున్న పచ్చదనం ఆ రాగి చిలుమే. కంచు గిన్నె సంగతి వేరు. కంచులో రాగితో కలిసేది తగరం కాబట్టి మనవాళ్ళు కంచు కంచాలను, గిన్నెలను కళాయి లేకుండానే భోజనానికి వాడుతూ వచ్చారు. దానిని శుభ్రంగా తోమి వడ్డనకు వాడుకోండి. పులుపు పదార్థాలను మాత్రం అందులో నిలవ ఉంచకండి. కంచు పెళుసు లోహం కనుక చేయి జారితే పగులుతుంది, సొట్ట పడితే ఇత్తడి మాదిరిగా సుత్తితో తీయించడానికి వీలుపడదు.

ఇక కళాయి. పాత్రను శుభ్రం చేసి, కొలిమి మీద కాల్చి, లోపల నవాసాగరం పొడి చల్లి, వేడిగా ఉండగానే తగరం కడ్డీని ఆనించి, కరిగిన తగరాన్ని దూదితో లోపలంతా చకచకా రాస్తారు. నవాసాగరం లోహం మీది చిలుమును తినివేసి తగరం అంటుకునేటట్లు చేస్తుంది. గుప్పుమని లేచే తెల్లటి పొగ దానిదే. పూత చాలా పలుచన. అయినా దానిని జాగ్రత్తగా వాడుకుంటే నెలల తరబడి నిలుస్తుంది.

ఇక్కడ గట్టిగా చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది. తగరం ఖరీదైనది, సీసం చౌక. రెండూ తెల్లగా మెరిసేవే, రెండూ తొందరగా కరిగేవే కాబట్టి తగరంలో సీసం కలిపితే కంటితో చూసి పోల్చుకోవడం కష్టం. సీసం శరీరంలో పేరుకుపోయే విషం. పసిపిల్లల మెదడు ఎదుగుదలను అది దెబ్బతీస్తుంది. అందువల్ల మేలిమి తగరం కడ్డీని మీరే నమ్మకమైన లోహ వ్యాపారి వద్ద కొని, కళాయి వేసే వ్యక్తికి ఇచ్చి, మీ ఎదుటనే వేయించుకోండి. అదే విధంగా పాత్ర లోపలివైపు ఎక్కడైనా మాటు (చిల్లును పూడ్చిన అతుకు) వేసి ఉన్నదేమో వెలుతురులో చూడండి. పాత మాట్లలో సీసం కలిసిన టంకం ఉండే అవకాశం ఎక్కువ. అటువంటి గుండిగను వంటకు, మంచినీళ్ళకు వాడవద్దు. మొక్కలకో, దుప్పట్లు దాచుకోవడానికో పెట్టుకోండి.

తగరం 232 డిగ్రీల వద్ద కరుగుతుంది. కళాయి పాత్రలకు సంబంధించిన నియమాలన్నీ ఈ ఒక్క సంఖ్య నుంచే వస్తాయి. నీళ్ళున్న వంట నూరు డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి పప్పు, పులుసు, పరమాన్నం నిశ్చింతగా వండుకోవచ్చును. ఖాళీ పాత్రను మంట మీద పెట్టినా, వేపుళ్ళు చేసినా, పోపు మాడినా పూత కరిగి చుక్కలుగా చేరుతుంది. చెక్క గరిటె వాడండి. స్టీలు పీచుతో రుద్దకండి. లోపల పసుపుపచ్చ లోహం కనిపించగానే మళ్ళీ కళాయి వేయించండి.

దుకాణంవారు చెప్పిన లాకర్ పూత వంటపాత్రలకు పనికిరాదు. మంట మీద అది మాడి, కంపుకొట్టి, పొరలుగా లేస్తుంది. మిషన్ పాలిష్ విషయంలో నా అభ్యంతరం వేరే. మన ఇళ్ళలోని పాత ఇత్తడి సామాను మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేర్లు ఉంటాయి. పుట్టింటివారు పెట్టినవి, గృహప్రవేశానికి వచ్చినవి, ఎవరి పేరు మీద ఏ సంవత్సరంలో కొన్నవో తెలిపే అక్షరాలవి. మిషన్ చక్రం కింద పెడితే పది నిమిషాలలో అవి చెరిగిపోతాయి. మీ గుండిగల అంచుల కింద ఒకసారి తడిమి చూడండి. పైకి మెరుపు కావాలంటే చింతపండు, ఉప్పు కలిపి రుద్ది, వెంటనే కడిగి, పొడిబట్టతో తుడిస్తే చాలును. పులుపును గంటల తరబడి ఉంచితే ఇత్తడిలోని తుత్తునాగం కరిగిపోయి, గులాబి రంగు మచ్చలు తేలుతాయి. సొట్టలు తీయించవలసి వస్తే గోదావరి జిల్లాలవారికి తణుకు దగ్గరి అజ్జరం, తెలంగాణవారికి జనగామ దగ్గరి పెంబర్తి తరతరాలుగా ఇత్తడి పని తెలిసిన ఊళ్ళు.

ప్రశ్న: హైదరాబాదులో జుమ్మేరాత్ బజారులో ఒక పాత చెక్క బీరువా కొన్నాను. టేకు అని అమ్మిన వ్యక్తి చెప్పాడు. పైన మూడు నాలుగు వరుసల ఎనామిల్ రంగు ఉన్నది. అడుగున సన్నని చిల్లులు ఉన్నాయి, వాటి నుంచి పిండి వంటి పొడి రాలుతున్నది. రంగు గీకించి పాలిష్ పెట్టించాలని ఉన్నది. మా ఇంట్లో రెండేళ్ళ పాప ఉన్నది. (ఒక పాఠకుడు, మల్కాజిగిరి)

జవాబు: పాప ఉన్నదని రాసి మంచి పని చేశారు. ఆ బీరువాను ముందు గదిలో నుంచి తీసి వరండాలోనో, మేడ మీద నీడపట్టునో పెట్టించండి. రెండు కారణాలున్నాయి.

మొదటిది రంగు. పాతకాలపు ఎనామిల్ రంగులలో సీసం చాలా ఎక్కువగా కలిపేవారు. మన దేశంలో గృహ అలంకరణ రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదనే నిబంధన 2016లో వచ్చింది, 2017 నవంబరు 1 నుంచి అమలైంది. అంతకు ముందు వేసిన రంగు ఏదైనా సీసం ఉన్నదనే భావించి పని చేయాలి. మిషన్‌తో పొడి ఉప్పుకాగితం పెట్టి రుద్దిస్తే ఆ ధూళి ఇల్లంతా పరచుకుంటుంది, నేల మీద పాకే పిల్లల చేతులకంటి నోట్లోకి వెళుతుంది. బ్లో ల్యాంపుతో కాల్చి గీకడం ఇంకా ప్రమాదం, అప్పుడు సీసం పొగగా లేస్తుంది. రంగు తొలగించే రసాయనాన్ని పూసి, మెత్తబడిన పొరను రేకుతో నెమ్మదిగా తీయించండి. మిగిలిన దానిని నీళ్ళు చల్లుతూ తడి కాగితంతోనే రుద్దించండి. పని చేసే వ్యక్తికి బట్ట ముక్క చాలదు, సన్నని ధూళిని ఆపే మాస్కు కొని ఇవ్వండి. పాపను, గర్భిణులెవరైనా ఉంటే వారిని ఆ దరిదాపులకు రానివ్వకండి. గీకిన చెత్తను సంచిలో మూటకట్టి పారవేసి, నేలను చీపురుతో ఊడ్వకుండా తడిబట్టతో తుడవండి.

ఈ శ్రమ అంతా పడేముందు లోపలి చెక్క ఏదో తెలుసుకోవడం న్యాయం. బీరువా వెనుకవైపు పలకలకు, సొరుగుల అడుగుకు సాధారణంగా రంగు వేయరు. అక్కడ చూస్తే టేకు బంగారు గోధుమ రంగులో, నూనె తగిలినట్లు, నిలువు చారలతో కనిపిస్తుంది. కొన్ని బీరువాలలో ముందు తలుపులు మాత్రమే టేకువై, మిగిలినది చౌక చెక్కగా ఉంటుంది. అటువంటి దానికి ముందు తలుపులు పాలిష్ పెట్టించి, పక్కలకు కొత్త రంగు వేయించుకుంటే చాలును. అందులో చిన్నతనమేమీ లేదు.

రెండవది మీరు చెప్పిన పొడి. అది పుచ్చు పని. చెదపురుగు అయితే మట్టి గూళ్ళు కడుతుంది, పొడి రాల్చదు. పుచ్చు పురుగు టేకు చేవను, అంటే లోపలి గట్టి చెక్కను, ముట్టుకోవడం అరుదు. బెరడు వైపు ఉండే లేత తెల్ల చెక్కను తింటుంది. చిల్లులు పాతవా, పురుగు ఇంకా ఉన్నదా అన్నది తేల్చుకోవడానికి ఉన్న పొడి అంతా దులిపి, కింద నల్ల కాగితం పరచి కొన్ని వారాలు గమనించండి. కొత్త పొడి పడితే పురుగు ఉన్నట్లే. పుచ్చు నివారణ మందును సిరంజితో ఒక్కొక్క చిల్లులోకి ఎక్కించి, బీరువాను ప్లాస్టిక్ పట్టాతో చుట్టి కొద్ది రోజులు ఉంచండి. తరువాత చిల్లులను మైనంతో పూడిస్తే, మళ్ళీ కొత్త చిల్లు పడినప్పుడు వెంటనే తెలుస్తుంది. వేలితో నొక్కితే పిండి అయ్యే చెక్కను మాత్రం కోసి కొత్త ముక్క అతికించాలి, లప్పం పెట్టి కప్పిపుచ్చితే ఆ చోట బరువు ఆగదు.

పాలిష్ విషయంలో వడ్రంగులు ఇప్పుడు మెలమైన్, పీయూ (పాలీయురెథేన్) అని చెబుతారు. అవి గట్టివే, నీళ్ళకు తట్టుకుంటాయి. భోజనాల బల్లకయితే నేనూ వాటినే సూచిస్తాను. బీరువాకు మాత్రం లక్క పాలిష్ పెట్టించమని నా సలహా. లక్క పెంకులను స్పిరిట్‌లో కరిగించి, దూది చుట్టిన మెత్తని బట్టతో పలుచటి పొరలు పొరలుగా రుద్దే ఈ పద్ధతిలో చెక్క లోతు కనిపిస్తుంది. పదేళ్ళ తరువాత గీత పడితే ఆ చోట స్పిరిట్ తగిలించి మళ్ళీ రుద్దితే కొత్త పొర పాత పొరలో కలిసిపోతుంది. పీయూ పూత చెడితే మొత్తం గీకవలసిందే. లక్క పాలిష్‌ను వానరోజుల్లో పెట్టించకండి, గాలిలోని తేమకు పూత తెల్లగా పాలిపోతుంది.

ప్రశ్న: మా అమ్మమ్మగారి ఆవకాయ జాడీలు నాలుగు ఉన్నాయి. వాటిలో మళ్ళీ ఊరగాయ పెట్టవచ్చునా? (ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: ఒక్కొక్కదానిని వేలి కణుపుతో తట్టి చూడండి. ఖంగుమంటే మంచిది, డబ్‌మంటే ఎక్కడో పగులు ఉన్నది. తరువాత నిండా నీళ్ళు పోసి, పొడి కాగితం మీద రాత్రంతా ఉంచండి. కాగితం తడవకూడదు. వాడుతూ ఉండగా జాడీ బయటివైపు తెల్లగా ఉప్పు పొక్కితే లోపలి మెరుగు పూత పోయి ఉప్పునీరు మట్టిలోకి ఇంకుతున్నదని అర్థం. ఆ జాడీలో పెట్టిన ఊరగాయ బూజు పడుతుంది. పరీక్షకు నిలిచిన వాటిని వేడినీళ్ళతో కడిగి, ఎండలో బాగా ఆరబెట్టి వాడుకోండి. మరుగుతున్న నీళ్ళను చల్లటి జాడీలో ఒక్కసారిగా పోయవద్దు. పరీక్షకు నిలవనివి ఉంటే పప్పులకు, బియ్యానికి పనికివస్తాయి.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాము. ఈసారి ఊరికి వచ్చినప్పుడు మా తాతగారింట్లోని ఇత్తడి దీపపు సెమ్మెలు, దంతపు పని చేసిన ఒక జిట్రేగి (రోజ్‌వుడ్) పెట్టె తీసుకువెళదామనుకుంటున్నాము. తాతగారు వాటిని ఆయన తండ్రిగారి కాలం నాటివని చెప్పేవారు. ఏమైనా ఇబ్బంది ఉంటుందా? (ఒక పాఠకురాలు)

జవాబు: ఇబ్బంది ఉండవచ్చును, అందుకే ముందుగా అడగడం మంచిదయింది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన శిల్పాలు, లోహపు వస్తువులు, ఇతర కళాఖండాలు పురావస్తువుల కిందికి వస్తాయి. రాతప్రతులకైతే 75 ఏళ్ళు. వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నిషిద్ధం. అది సొంత ఇంటి సొత్తు అయినా, అమ్మే ఉద్దేశం లేకపోయినా నిబంధన ఒకటే. ఉల్లంఘనకు జైలుశిక్ష కూడా ఉన్నది. మీ ముత్తాతగారి కాలమంటే సెమ్మెలు నూరేళ్ళకు అటూ ఇటూగా ఉంటాయి. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ నిపుణులు వస్తువును చూసి, అది పురావస్తువు కాదని తేలితే ఆ మేరకు ధ్రువపత్రం ఇస్తారు. దానికి సమయం పడుతుంది కాబట్టి ప్రయాణానికి చాలా ముందే, అన్నివైపుల నుంచి తీసిన ఫొటోలతో దరఖాస్తు చేయండి. ధ్రువపత్రం లేకుండా సూట్‌కేసులో పెట్టి తీసుకువెళ్ళే ఆలోచన చేయకండి.

పెట్టె మాట వేరు. అది నిజంగా ఏనుగు దంతమే అయితే, వన్యప్రాణి సంరక్షణ చట్టాలు ఇటు, దిగుమతి నిబంధనలు అటు కఠినంగా ఉన్నాయి. దానిని ఇక్కడే బంధువుల ఇంట భద్రపరచండి. జిట్రేగి చెక్క కూడా 2017 నుంచి అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణలో ఉన్నది. ఏమీ తీసుకువెళ్ళలేకపోతామేమో అని దిగులుపడవద్దు. అటక మీద నూరేళ్ళు నిండని చెంబులు, మరచెంబులు, పోపులపెట్టెలు కూడా ఉండే ఉంటాయి. కొన్న సంవత్సరం చెక్కి ఉన్నవాటిని ఎంచుకుంటే వయసు గురించి వాదన ఉండదు.

ప్రశ్న: ఇనుప రెక్కల పాత టేబుల్ ఫ్యాను ఒకటి కొన్నాను. ప్లగ్గు పెడితే తిరుగుతుందని అమ్మిన వ్యక్తి చూపించాడు. రంగు వేయించి వాడుకోవచ్చునా? (ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: తిరగడం ఒక్కటే చాలదు. పాత తీగల చుట్టూ ఉండే రబ్బరు, నూలు తొడుగు కాలక్రమంలో పెళుసెక్కి రాలుతుంది, ఆ తీగ ఇనుప ఒంటికి తగిలితే ఫ్యాను మొత్తానికి కరెంటు వస్తుంది. మీది సముద్రపు గాలి ఉన్న ఊరు, ఉప్పుతేమ దీనిని మరింత తొందరచేస్తుంది. ఎలక్ట్రీషియన్ చేత తీగలన్నీ మార్పించి, మూడు తీగల వైరు, ఎర్తు ఉన్న మూడు కాళ్ళ ప్లగ్గు వేయించి, కండెన్సర్ ఉంటే కొత్తది పెట్టించి, బుష్‌లకు నూనె వేయించండి. ఒంటి మీది పలకపై ఏసీ అని, 220 లేదా 230 వోల్టులని ఉన్నదో లేదో కూడా చూడండి. కొన్ని పాత ఫ్యానులు డీసీ కరెంటుకు చేసినవి. రంగు ఆ తరువాతి మాట. ముందరి జాలీ సందులు పెద్దవిగా ఉంటే పిల్లలున్న ఇంట్లో ఎత్తున పెట్టండి.

ప్రశ్న: రోలు, తిరగలి పెరట్లో పడి ఉన్నాయి. పూలకుండీలుగా మార్చమంటున్నారు. (ఒక పాఠకురాలు, అనంతపురం)

జవాబు: మార్చకండి. అరిగి నున్నబడినందువల్లనే అవి పని మానుకున్నాయి. కక్కు కొట్టేవారిని పిలిపించి గరుకు పెట్టిస్తే రోలు మళ్ళీ పచ్చడి నూరుతుంది, తిరగలి కందులు విసురుతుంది. కక్కు కొట్టించిన తరువాత నానిన బియ్యాన్ని రెండు మూడు సార్లు రుబ్బి పారవేసి, వేళ్ళకు రాతిపొడి తగలడం లేదని తేలాకనే తినే పదార్థం వేయండి. పగిలిన రోలయితే నిరభ్యంతరంగా మొక్క పెట్టుకోండి.

ప్రశ్న: మా నాన్నగారి టేకు పందిరిమంచాన్ని అపార్ట్‌మెంటులోకి తెచ్చుకోవాలని ఉన్నది. పడకగదిలో పందిరి ఫ్యానుకు అడ్డు వస్తుంది, బజారులో దొరికే పరుపులు దానికి సరిపోవు. స్తంభాలు కోయించి సోఫాగా మార్పిస్తే బాగుంటుందని వడ్రంగి అంటున్నాడు. (ఒక పాఠకుడు, హనుమకొండ)

జవాబు: అయ్యా, దయచేసి కోయించవద్దు. పందిరిమంచాలను మోసుకుపోవడానికి వీలుగా విప్పదీసేటట్లుగానే చేసేవారు. స్తంభాలు చాలావాటిలో మంచం కోళ్ళకు (కాళ్ళకు) మరలతోనో, కుసులతోనో, చీలలతోనో బిగించి ఉంటాయి. పాత పాలిష్, మురికి పేరుకొని అతుకు కనిపించదు కాబట్టి కోయడమే మార్గమని వడ్రంగికి తోచి ఉంటుంది. కోడు పైభాగంలో చుట్టూ తిరిగిన సన్నని గీతను వెతకండి. తుప్పుపట్టిన మరలకు నూనె వేసి ఒక రోజు ఆగండి, సుత్తితో కొట్టవద్దు. విప్పేముందు ప్రతి అతుకుకు రెండు వైపులా ఒకే అంకె రాసిన కాగితం అతికించండి. చేతిపనిలో నాలుగు స్తంభాలు చూపుకు ఒకటిగా ఉన్నా, ఒకదాని చోట మరొకటి కూర్చోదు. ఏ స్తంభమైనా విరిగి ఉంటే తరిణె (చెక్కను తిప్పుతూ నునుపుగా చెక్కే యంత్రం) పట్టే పనివాడు దానికి జత చేయగలడు.

పరుపు కోసం మంచాన్ని పెంచడమో, తగ్గించడమో మరింత పొరపాటు. పట్టెలు కోసిన మంచం గట్టిదనం మళ్ళీ రాదు. లోపలి కొలతలు తీసుకొని పరుపులు కుట్టే దుకాణంలో ఇస్తే దూది పరుపయినా, ఫోము పరుపయినా ఆ కొలతకే చేసి ఇస్తారు. సోఫా కంటే అది చాలా తక్కువ ఖర్చు. ఫ్యాను ఇబ్బందికి రెండు దారులున్నాయి. పందిరి విప్పి కింది మంచాన్ని మాత్రమే వాడుకోవడం ఒకటి. గోడ ఫ్యాను పెట్టించుకొని స్తంభాలను ఉంచుకోవడం రెండవది. మీ ఊళ్ళో దోమల బాధ ఉంటే నేను రెండవదానినే కోరుకుంటాను, పందిరికి దోమతెర కట్టుకోవచ్చును కాబట్టి. మొదటి దారి ఎంచుకుంటే, విప్పిన పట్టెలను, స్తంభాలను గోడకు ఆనించి నిలబెట్టకుండా మంచం కింది ఖాళీలో చదునుగా పడుకోబెట్టండి; నిలబెట్టి ఉంచితే కొన్నేళ్ళకు వంగిపోయి, మళ్ళీ బిగించాలనుకున్నప్పుడు అతుకులు కలవవు.